బ్యాట్‌కి తలబరువు ఎంతుండాలి?

శనివారం రాత్రి ఎనిమిదిన్నర. అన్నానికి కూర్చోబోతుంటే తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురింటి బుజ్జి. తొమ్మిదో తరగతి. చేతిలో వాళ్ల నాన్న సెల్‌ఫోను. వెనకాలే వాళ్ల నాన్న, లుంగీ సర్దుకుంటూ.

‘‘బాబాయ్, ఇది చూడు!’’ అంటూ ఫోను నా ముక్కుకి ఆనించినంత పని చేసింది. షటిల్ బ్యాట్ బొమ్మ. ఏదో టోర్నమెంటులో ఓ చాంపియన్ పట్టుకున్నదట. బొమ్మ కింద వెల చూశాను. పదిహేను వేల చిల్లర!

‘‘నువ్వు పేపర్లో రాస్తావు కదా తమ్ముడూ... నీకు తెలుస్తాదని వచ్చాం. ఇది కొంటే పిల్ల ఆట బాగుపడతాదంటావా?’’ అన్నాడు అన్నయ్య.

సొంత అన్నయ్య కాదు. వరసకి అలా పిలుచుకుంటాం. మా మల్కాపురంలో ఏ ఇంటి తలుపు తట్టినా రిఫైనరీయో, షిప్‌యార్డో, డాక్‌యార్డో, ఎరువుల ఫ్యాక్టరీయో... ఏదో ఒకదాని మీద బతుకుతున్నవాళ్లే తగులుతారు. కొందరు పర్మినెంటు, ఎక్కువమంది కాంట్రాక్టు. అన్నయ్య కాంట్రాక్టులో వెల్డర్. పనున్న నెల పనుంది, లేని నెల లేదు. కిందటి నెలలో చీటీ పాడుకుంటే ఇరవై వేలు చేతికొచ్చాయి. ఆ చీటీ పాడింది వంటింటి మీద రేకులు మార్చడానికి. సముద్రపు గాలికి తుప్పు పట్టి జల్లెడైపోయాయి. వానలు మొదలయ్యేలోపు మార్చకపోతే పొయ్యి మీద గిన్నెతోపాటు పొయ్యి కింద బకెట్టూ పెట్టాల్సిందే.

అటు చూస్తే పిల్లకి రెండు నెలల్లో జిల్లా సెలక్షన్స్. ‘ఈ బ్యాట్‌తో కష్టం, మంచిది కొనుక్కో’ అని కోచ్ మాస్టారు చెప్పారు. మంచిది అంటే ఏదో ఆయన చెప్పలేదు. బుజ్జి తనకి తెలిసిన మంచిది వెతుక్కుంది. అదీ సంగతి.

అవునూ కాదూ అనబోయి ఆగాను. ఆ పిల్ల మాట్లాడుతున్నంతసేపూ ఎడమచేత్తో కుడి భుజం నొక్కుకుంటూనే ఉంది. ‘‘రోజూ రాత్రి వేణ్నీళ్ల కాపడం పెడతన్నాది వాళ్లమ్మ’’ అన్నాడు అన్నయ్య. అప్పుడర్థమైంది... ఇక్కడ తేలాల్సింది పదిహేను వేల సంగతి ఒక్కటే కాదని. ‘‘ఒక్క వారం ఆగండి. అడిగి, చూసి చెప్తాను’’ అన్నాను.

ఇదిగో, ఆ వారంలో తెలుసుకున్నదే ఈ వారం కబురు. మీ ఇంట్లోనూ బ్యాట్ కోసం అలిగి కూర్చున్న పిల్లలుంటే పనికొస్తుంది.

కర్ర నుంచి కార్బన్ దాకా

మన ఊళ్లలో బ్యాట్ అనగానే పాతతరం వాళ్లకి గుర్తొచ్చేది షటిల్ కాదు, బాల్ బ్యాడ్మింటన్. పసుపుపచ్చ ఉన్ని బంతి, అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. సాయంత్రమైతే స్కూలు మైదానాల్లో, ఆఫీసుల పక్క ఖాళీ జాగాల్లో గీతలు గీసి ఆడేవారు. ఆ ఆటలో మన జమ్మలమడక పిచ్చయ్య గారు 1970లో అర్జున అవార్డు అందుకున్నారు. ఆ బ్యాట్ బరువు 165 నుంచి 185 గ్రాములు. కర్ర బ్యాట్ కాబట్టి తేమకి వంకరపోకుండా చెక్కల మధ్య బిగించి, మరలు తిప్పి గోడకి తగిలించేవారు.

షటిల్ బ్యాట్‌దీ అదే దారి. ముందు కర్ర. తర్వాత స్టీలు, అల్యూమినియం. ఆపైన గ్రాఫైటు, అంటే కార్బన్ పోగుల్ని జిగురుతో కలిపి, అచ్చులో పెట్టి, వేడిచేసి బిగించినది. కర్ర బ్యాట్ కన్నా బరువు బాగా తక్కువ, గట్టిదనం మాత్రం తగ్గదు. ఇవాళ దుకాణంలో వేలాడే బ్యాట్‌లలో అయిదారు వందలవి స్టీలు కాడ, అల్యూమినియం చట్రం. రెండు మూడు వేలు పెడితే పూర్తిగా గ్రాఫైటు వస్తుంది. అక్కడి నుంచి పదిహేను, ఇరవై వేల దాకా వెళ్లేవన్నీ కూడా గ్రాఫైటే! పోగుల రకం మారుతుంది, కాడ బిగువు మారుతుంది, చట్రం అంచు గాలిని కోసే తీరు మారుతుంది. అంటే ఆరువందల బ్యాట్ నుంచి మూడువేల బ్యాట్‌కి వెళ్తే మీ పిల్లలకి తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది. మూడు వేల నుంచి పదిహేను వేలకి వెళ్తే ఆ తేడాని వాడుకోగల చెయ్యి ఉండాలి.

కాడ మీద రాసిందే జాతకం

బ్యాట్ పిడికి కాస్త పైన చూడండి. సన్నటి అక్షరాల్లో ఏవో అంకెలుంటాయి. మనం వాటిని పట్టించుకోం. రంగు చూస్తాం, పేరు చూస్తాం, గాల్లో రెండుసార్లు ‘స్విష్’మని ఊపి డబ్బులిచ్చేస్తాం. జాతకం ఉండేది ఆ అంకెల్లోనే.

మొదటిది బరువు. ‘3యు’ అని ఉంటే 85 నుంచి 89 గ్రాములు. ‘4యు’ అయితే 80 నుంచి 84. ‘5యు’ అయితే 75 నుంచి 79. అంకె పెరిగేకొద్దీ బరువు తగ్గుతుంది. అయిదు గ్రాములు ఏపాటి అనుకుంటాం గానీ, గంట ఆటలో ఆ చెయ్యి కొన్ని వందల సార్లు పైకి లేస్తుంది.

రెండోది పిడి లావు. జీ4, జీ5, జీ6 అని ఉంటాయి. చాలా కంపెనీల లెక్కలో ఇక్కడ కూడా అంకె పెరిగితే పిడి సన్నబడుతుంది. సన్నటి పిడి మీద గ్రిప్ చుట్టుకుని లావు చేసుకోవచ్చు. లావు పిడిని సన్నం చెయ్యడం కష్టం. చిన్నచేతులకి లావు పిడి ఇస్తే వేళ్లతో బ్యాట్ తిప్పలేక మణికట్టునీ భుజాన్నీ వాడతారు. మరీ సన్నమైతే జారిపోతుందేమోనని గట్టిగా నొక్కిపట్టి ఆడతారు. రెండూ నొప్పికి దారులే.

మూడోది, అక్కడే అచ్చువేసి ఉండే ఇంకో అంకె, గట్టింగ్ ఎన్ని పౌండ్ల వరకు బిగించవచ్చో చెబుతుంది. దాని సంగతి తర్వాత.

అసలు సంగతి ఒకటి చాలా బ్యాట్‌ల మీద అంకెల్లో రాయరు. అదే తలబరువు.

అన్నయ్య సుత్తి

చూపుడువేలు అడ్డంగా చాచి, దాని మీద బ్యాట్‌ని పడుకోబెట్టండి. ఎక్కడ పెడితే అటూ ఇటూ ఒరగకుండా నిలబడుతుందో, అదే తూకం నిలిచే చోటు. పిడి అడుగు నుంచి అక్కడికి స్కేలుతో కొలవండి. దాదాపు 285 నుంచి 295 మిల్లీమీటర్ల మధ్య వస్తే సమతూకం బ్యాట్ అంటారు. అంతకన్నా పైన వస్తే తలబరువు బ్యాట్, కిందకి వస్తే తలతేలిక బ్యాట్.

తల బరువుగా ఉంటే వెనక గీత దగ్గర నుంచి కొట్టే స్మాష్‌కి, ఎత్తుగా లేపే దెబ్బకి ఊపు దానంతటదే కలిసొస్తుంది. తల తేలిగ్గా ఉంటే నెట్ దగ్గర, ఎదురుదాడిని కాచుకునేటప్పుడు బ్యాట్ చటుక్కున తిరుగుతుంది. ఒకటి ఇచ్చేది ఇంకోటి ఇవ్వదు. ధర ఎంత పెట్టినా ఈ బేరం తప్పదు.

ఇదంతా అన్నయ్యకి చెబుతుంటే మధ్యలో లేచి ఇంట్లోకి వెళ్లి తన పనిసంచి తెచ్చాడు. అందులోంచి చిన్నసుత్తి తీశాడు. వెల్డింగ్ అయ్యాక పైన పేరుకున్న పెచ్చు కొట్టేది. వేలి మీద నిలబెట్టాడు. తల దగ్గరే నిలిచింది.

‘‘నేల మీద పనికి తలబరువు సుత్తి మంచిదే తమ్ముడూ. దెబ్బ దానంతటదే పడతాది. కానీ ఓవర్‌హెడ్ వెల్డింగ్ ఉంటాది చూడు... ఓడ అడుగున పడుకునో, నిలబడో, నెత్తి మీదకి చెయ్యెత్తి చెయ్యాల. అక్కడ చేతిలో వంద గ్రాములు ఎక్కువున్నా సాయంత్రానికి భుజం పట్టేస్తాది. ఈ పిల్ల ఆటంతా నెత్తి మీద పనే కదా?’’

నేను పుస్తకంలో రాసుకోవడం ఆపి ఆయన మొహం చూశాను. ఏ దుకాణదారూ నాకింత సూటిగా చెప్పలేదు.

కాడ వంగాలా, వంగకూడదా?

ఇంకొక గుణం కాడ బిగువు. ఒక చేత్తో పిడి, ఇంకో చేత్తో తల పట్టుకుని మెల్లిగా వంచి చూడండి. కొన్ని వెదురుబెత్తంలా వంగుతాయి. కొన్ని ఇనపచువ్వలా మొండికేస్తాయి.

వంగే కాడ కొరడాలాంటిది. చెయ్యి నెమ్మదిగా ఊపినా చివర్లో అది వెనక్కి విదిలించి షటిల్‌కి కాస్త ఊపునిస్తుంది. కాకపోతే గురి కొంచెం తప్పుతుంది. బిగువు కాడ గురి తప్పదు, కానీ దాన్ని వంచేంత వేగం చేతిలో ఉండాలి. లేకపోతే అది కర్రముక్కే. ఆ వేగం లేని పిల్లలు లోటుని భుజంతో పూడ్చుకుంటారు. చాంపియన్ల బ్యాట్‌లు దాదాపుగా బిగువు కాడవే. వాళ్ల చేతికి అదే కావాలి.

ఇక గట్టింగ్. మా వైపు కుర్రాళ్లు బ్యాట్ గురించి గంటసేపు వాదించుకుంటారు గానీ, షటిల్‌కి తగిలేది బ్యాట్ కాదు, ఆ తీగలు! అవి వదులుగా ఉంటే మంచం నవారులా సాగి షటిల్‌ని విసిరేస్తాయి. బిగువుగా ఉంటే గురి బాగుంటుంది, కానీ ఊపంతా మన చెయ్యే ఇవ్వాలి. నడిమధ్యన తగలకపోతే చెయ్యి జివ్వుమంటుంది. పెద్ద ఆటగాళ్లు 28, 30 పౌండ్లు, ఆపైన కూడా బిగిస్తారు. నేర్చుకునే పిల్లలకి 20 నుంచి 22 చాలు. అన్న చూసి తమ్ముడు 28 బిగించుకుంటే మిగిలేది నొప్పి.

పేర్ల మీద టేపు

చదివింది చాలు, చూద్దాం అనుకున్నాం. ఆదివారం పొద్దున్నే గాజువాక వైపున్న ఓ రేకుల షెడ్డు కోర్టుకి వెళ్లాం. మాస్టారు ఇద్దరి దగ్గర రెండు బ్యాట్‌లు అడిగి తెచ్చారు. ఒకటి, రోజూ పొద్దున ఆడే ఓ రిటైరైన పెద్దాయనది. కొడుకు కొనిచ్చింది, పదిహేను వేల పైమాటే. తలబరువు, బిగువు కాడ, 3యు. ‘‘విరగ్గొట్టకే తల్లీ, మా ఆవిడకి కూడా ఇవ్వను’’ అని మరీ ఇచ్చారు. రెండోది ఓ డిగ్రీ కుర్రాడిది. మూడు వేల లోపు. సమతూకం, మధ్యరకం కాడ, 4యు. మూడోది బుజ్జి పాత బ్యాట్. స్టీలు కాడ.

ముందురోజు మెయిన్‌రోడ్డులో బంగారం కొట్టుకి తీసుకెళ్లి తూయించాను. ‘‘ఎన్ని క్యారెట్లు సార్?’’ అని నవ్వాడు కొట్టాయన. తీగలు, గ్రిప్‌తో కలిపి ఖరీదైంది 96 గ్రాములు, మధ్యది 91, పాతది 112!

అన్నయ్య తన సంచిలోంచి నల్ల ఇన్సులేషన్ టేపు తీసి, కొత్తగా తెచ్చిన రెండింటి మీదా పేర్లు కనపడకుండా ఒకే కొలత ముక్కలు అంటించాడు. ఏది ఎవరిదో, ఎంతదో బుజ్జికి చెప్పలేదు.

పరీక్ష సులువైనదే. వెనక గీత దగ్గర నిలబడి, అవతలి వెనక గీతకి ఎత్తుగా పది కొట్టాలి. అక్కడ రెండు గీతల మధ్య రెండున్నర అడుగుల పట్టీ ఉంటుంది. అందులో పడితే మార్కు. తర్వాత మాస్టారు పది స్మాష్‌లు కొడతారు, కాచుకోవాలి. ఇదంతా ఒకసారి మొదట్లో, మళ్లీ గంట ఆడి అలిసిపోయాక.

మొదటి విడతలో పాత బ్యాట్‌తో పదికి మూడు. మధ్యదానితో ఆరు. ఖరీదైన దానితో ఏడు! ఆ బ్యాట్‌తో స్మాష్ కొడితే షెడ్డు రేకులు మోగాయి. ‘‘ఇదే బాబాయ్! ఇదే ఖరీదైంది!’’ అని ఎగిరి గంతేసింది. అబద్ధం చెప్పడమెందుకు... నిజంగానే గొప్ప బ్యాట్. అన్నయ్య నా వైపు చూసిన చూపులో వంటింటి రేకులు కనిపించాయి.

గంట గడిచింది. రెండో విడత. పాతదానితో రెండు. మధ్యదానితో మళ్లీ ఆరు. ఖరీదైన దానితో మూడు. స్మాష్‌లు కాచుకోవడంలో మధ్యదానితో ఆరు తిప్పికొడితే, ఖరీదైన దానితో నాలుగు. బ్యాట్ తల తిప్పేసరికి షటిల్ వెళ్లిపోతోంది. బుజ్జి ఏమీ మాట్లాడలేదు. భుజం నొక్కుకుంటూ బెంచీ మీద కూర్చుంది.

ఒక్క పిల్ల, ఒక్క పొద్దు... దీన్ని పరిశోధన అనను. కానీ ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. దుకాణంలో మనం చేసే పరీక్ష ఆ మొదటి పది నిమిషాలదే. ఆటలో పనికొచ్చేది గంట తర్వాతది. ఇంకొకటుంది, మర్నాడు పొద్దున్న జడ వేసుకోవడానికి చెయ్యెత్తినప్పుడు భుజం చెప్పేది. అందుకే అడిగి తెచ్చుకున్న బ్యాట్‌తో ఒక్కరోజు కాదు, రోజుకొకటి చొప్పున రెండు మూడు రోజులు ఆడనివ్వండి అన్నారు మాస్టారు. అలాగే చేశాం. మధ్యది వాడిన మర్నాడు కాపడం అడగలేదు. ఖరీదైంది వాడిన మర్నాడు అడిగింది.

సాత్విక్ చేతిలో ఏముంది?

‘‘మరి చాంపియన్లంతా అవే వాడతారు కదా?’’ అంది బుజ్జి. న్యాయమైన ప్రశ్న.

మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి సంగతే చూడండి. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సైతామా రాష్ట్రం సోకా పట్నంలో ఓ స్మాష్ కొట్టాడు. వేగం గంటకి 565 కిలోమీటర్లు! గిన్నిస్ రికార్డు. 2013 నుంచి మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియోంగ్ పేరు మీదున్న 493 కిలోమీటర్ల రికార్డు చెరిగిపోయింది. అది మ్యాచ్‌లో కాదు, బ్యాట్‌ల కంపెనీ వ్యాయామశాలలో కొలిచిన వేగం. బ్యాట్‌ని వదిలిన క్షణంలోదే. ఈకలకి గాలి తగిలి షటిల్ వేగం వెంటనే పడిపోతుంది.

ఇందులో మనకి కావలసిన ముక్క వేరే ఉంది. అంత వేగంతో కొట్టిన ఆ బ్యాట్, యోనెక్స్ నానోఫ్లేర్ 1000జడ్, తలబరువు రకం కాదు. తలతేలిక రకం! బరువు తలలో ఉంటేనే స్మాష్ అనే మాటకి మన గోదావరి కుర్రాడే జవాబు చెప్పాడన్నమాట. ఊపు చేతి వేగంలో ఉంది. ఆ వేగం ఉన్నవాడికి తేలికతల ఇంకా వేగం ఇచ్చింది. అలాగని ఆ బ్యాట్ కొనేయకండి. దాని కాడ మహా బిగువు. అది సాత్విక్ చేతికి కుట్టిన చొక్కా. మన పిల్లలకి వదులో, బిగుతో అవుతుంది.

చాంపియన్ చేతిలో బ్యాట్ పనిముట్టే కాదు, ప్రకటన కూడా. తప్పేం కాదు, ఆటగాళ్లకి అదీ ఒక సంపాదన. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక పుల్లెల గోపీచంద్ కూల్‌డ్రింకు ప్రకటన వద్దన్నారు, ఆరోగ్యానికి మంచిది కాదని. తన పేరు చూసి పిల్లలు కొంటారని ఆయనకి తెలుసు. ఆ మాట మనమూ గుర్తుపెట్టుకోవాలి.

తీగల్లేని బ్యాట్‌కీ ఇదే లెక్క

ఈమధ్య హైదరాబాదులో ‘ప్యాడెల్’ అని కొత్త ఆట వచ్చింది. మీ పిల్లలు అడిగేలోపే తెలుసుకోండి. 1969లో మెక్సికోలోని అకపుల్కోలో ఎన్రికే కోర్కుయెరా అనే ఆయన ఇంటి దగ్గర మొదలైంది. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కోర్టు, చుట్టూ అద్దాల గోడలు. గోడకి తగిలి వచ్చిన బంతినీ కొట్టవచ్చు. లెక్కంతా టెన్నిస్‌దే. దాని బ్యాట్‌కి తీగలుండవు. చిల్లులున్న మందపాటి బల్లలా ఉంటుంది. లోపల నురుగులాంటి మెత్తటి పదార్థం, పైన ఫైబర్‌గ్లాసో కార్బనో. పొడవు 45.5 సెంటీమీటర్లు, మందం 38 మిల్లీమీటర్లు దాటకూడదు. మణికట్టుకి తాడు వేసుకుని తీరాలి.

అందులోనూ ఇదే బేరం. గుండ్రటి తల అయితే బరువు పిడివైపు ఉంటుంది, చెయ్యి చెప్పిన మాట వింటుంది. వజ్రం ఆకారం అయితే బరువు పైన ఉంటుంది, దెబ్బ గట్టిగా పడుతుంది, మోచేయి మీద భారం పెరుగుతుంది. రెంటికీ మధ్యన నీటిబొట్టు ఆకారం. లోపలి నురుగు మెత్తగా ఉంటే చేతికి సుఖం, గట్టిగా ఉంటే అదురు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి గుండ్రటి తల, మెత్తటి నురుగు మంచిదంటారు. ఆట మారినా తూకం మారలేదు.

కొనేముందు, కొన్నాక

దుకాణంలో సిగ్గుపడకండి. వేలి మీద నిలబెట్టి చూడండి. కాడ మీది అంకెలు చదవండి. రెండు బ్యాట్‌లు పక్కపక్కనే పట్టి వంచి చూడండి. పేరున్న కంపెనీలకి నకిలీలు ఎక్కువ. సగం ధరకి ఇస్తానంటే అనుమానించండి. అచ్చు అక్షరాలు చెరిగినట్టున్నా, కాడ మీదా చట్రం మీదా నంబర్లు లేకున్నా వదిలేయండి. తీగలు బిగించి అమ్మేవి చాలావరకు వదులుగా ఉంటాయి. మూడు నుంచి ఏడెనిమిది వందల్లో మంచి గట్టింగ్ చేయించుకుంటే మూడు వేల బ్యాట్ ఇంకో బ్యాట్ అయిపోతుంది.

మనది సముద్రపు గాలి. స్టీలు కాడ గ్రిప్ లోపల తుప్పుపట్టి ఒకరోజు పుటుక్కుమంటుంది. చెమట గ్రిప్‌ని ఆరబెట్టండి, నెలకోసారైనా మార్చండి. ఎండలో ఆపిన కారులో, స్కూటర్ డిక్కీలో బ్యాట్ వదిలేయకండి. వేడికి చట్రమూ పాడవుతుంది, తీగలూ వదులవుతాయి. ఒక తీగ తెగితే మిగతావి వెంటనే మధ్య నుంచి కోసేయండి. లేకపోతే ఒకవైపు లాగి చట్రం వంకరపోతుంది.

బ్యాట్ కన్నా ముందు బూట్లు కొనండి అన్నారు మాస్టారు. పక్కకి దూకే ఆట ఇది. రోడ్డు మీద పరుగెత్తే బూట్లు ఎత్తుగా ఉంటాయి, మడమ మడతపడుతుంది. షటిల్‌కి అడుగు చదునుగా, రబ్బరు పట్టుతో ఉండాలి. ఇంకో ముఖ్యమైన మాట. బ్యాట్ మార్చినా, వారం విశ్రాంతి ఇచ్చినా భుజం నొప్పి తగ్గకపోతే ఇక బ్యాట్‌ని తిట్టడం మాని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంతకీ...

అన్నయ్య 4యు, సమతూకం బ్యాట్ కొన్నాడు. గట్టింగ్ 21 పౌండ్లు. బూట్లతో కలిపి అయిదున్నర వేలయింది. మిగిలిన డబ్బుతో పోయిన గురువారం వంటింటి మీద కొత్త రేకులు పడ్డాయి. వెల్డరు కదా, కూలీ ఖర్చు లేకుండా తనే బిగించుకున్నాడు.

బుజ్జి సంతోషంగా ఉందా అంటే... పూర్తిగా లేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఫోను తెర మీద ఆ పదిహేను వేల బ్యాట్ బొమ్మ అలాగే ఉంది. తియ్యమని ఎవరూ చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

నిన్న పొద్దున ఆరింటికి పాలకని బయటికొస్తే, సంచి భుజాన వేసుకుని కోర్టుకి బయల్దేరుతోంది. ‘‘ఏమ్మా, భుజం ఎలా ఉంది?’’ అన్నాను.

‘‘గుర్తుచెయ్యకు బాబాయ్, మర్చిపోయాను’’ అంది.

సెలక్షన్స్ ఇంకా అయిదు వారాలున్నాయి.